దారిమీది గుర్రములు, నేలలోని గుర్రములు

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని తెలుగువారి సామెత. ఈ సామెతను తలక్రిందు చేసిన వస్తువులు లోకమున కొన్ని కలవు. 1960 మొదలు 1970 వరకు అమెరికాలో తయారైన వేగపు కార్లు అట్టివి. పుట్టిన నాడు అవి నెలజీతముపై బ్రతుకు పడుచువాడు వాయిదాలపై కొనగల సరకు. పదేండ్లు గడచునప్పటికి చాలమందికి అక్కరలేని పాత ఇనుము. ఏబదియేండ్లు గడచిన పిమ్మట జమీందారుల నగలవలె వేలముపాటకెక్కు నిధులు. 1962లో కరోల్ షెల్బీ నిర్మించిన మొట్టమొదటి కోబ్రా కారు 2016 ఆగస్టులో కాలిఫోర్నియాయందలి మాంటెరీ వేలములో 1,37,50,000 డాలర్లకు అమ్ముడుపోయినది.

ఇనుము, రబ్బరు, తోలు కూర్చి చేసిన వాహనమునకు ఇంత వెల ఏల? ఆ బండ్లు ఏ పోటీలో పుట్టినవి, ఆ పోటీ ఎట్లు ముగిసినది, ఏ నేలలు వానిని తుప్పు పట్టకుండ కాచినవి అను విషయములను తరచి చూచినచో కథ డెట్రాయిటు నగరములో ఆగిపోదు. అనంతపురపు ఎర్రమెట్టకును అందులో భాగమున్నది. ఆ మెట్టపై నేడు కార్లు తయారగుచున్నవి. అంతకు ముందే అక్కడ మరియొక అశ్వశక్తి పందెము నడచుచున్నది. అది దారిమీద కాదు, భూమి లోతులలోనికి.

అశ్వశక్తి అనగా ఎంత?

ఆవిరియంత్రమును మెరుగుపరచిన జేమ్స్ వాట్, తన యంత్రము ఎన్ని గుర్రముల పని చేయునో కొనువారికి తెలుపుటకై ఈ కొలతను ఏర్పరచెను. ఒక అశ్వశక్తి యనగా సుమారు 746 వాట్లు. ఇంకను సులభముగా చెప్పవలెనన్న, 76 కిలోల బరువును ఒక సెకండులో ఒక మీటరు ఎత్తునకు లేపు శక్తి.

అనంతపురపు రైతుకు ఈ మాట క్రొత్త కాదు. బోరుబావిలోనికి దింపు మోటారును అతడు అశ్వశక్తిలోనే లెక్కించును. “అయిదు హెచ్.పి.”, “ఏడున్నర హెచ్.పి.” అనునవి ఆ సీమలో పిల్లలకు సైతము తెలిసిన మాటలు. 1966లో క్రైస్లర్ సంస్థ వీధిలో నడచు కార్లకు అమర్చిన “హెమి” ఇంజను శక్తి 425 అశ్వశక్తులు. అనగా అయిదు అశ్వశక్తుల మోటార్లు 85 కలిసి చేయు పని! ఒక గ్రామమందలి బావులన్నింటిలోని మోటార్ల శక్తిని ఒక్క యువకుని కుడిపాదము క్రింద పెట్టినట్లయినది.

ఐతే ఒక చిన్న మెలిక యున్నది. అమెరికాలో 1971 వరకు ఇంజను శక్తిని విసనకర్ర, పొగగొట్టము, విద్యుదుత్పాదకము వంటి భారములేవియు లేకుండ బల్లపై నిలిపి కొలిచెడివారు. 1972నుండి బండిలో ఉన్నది ఉన్నట్లుగా కొలుచుట ఆరంభమైనది. కావున ఆ కాలపు సంఖ్యలను నేటి సంఖ్యలతో సరిపోల్చునప్పుడు కొంత తరుగు తీసివేయవలెను. కొలత మారినపుడు సంఖ్య మారునే గాని వస్తువు మారదను పాఠము భౌతికశాస్త్ర విద్యార్థికి ఇచట ఉచితముగా లభించును.

ఆ దశాబ్దపు కథ

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో పుట్టిన శిశువులు లెక్కకు మించి యుండిరి. వారందరును 1960 తరువాత యౌవనమున అడుగిడిరి. చేతిలో డబ్బు కలదు. పెట్రోలు గాలను ముప్పది సెంట్ల చుట్టుపట్ల దొరకుచుండెను. 1956 నాటి శాసనముచే దేశమంతట విశాలమైన రహదారులు పరచబడుచుండెను. తండ్రి నడుపు బరువైన, నిదానమైన కారు కుమారునకు నచ్చలేదు. ఈ సంగతిని పసిగట్టిన కంపెనీలు ఒకదానిపై నొకటి పోటీకి దిగినవి.

షెవ్రొలే కార్వెట్ 1953లోనే పుట్టినది. దాని పైతొడుగు ఉక్కుతో గాక గాజునారతో చేయబడినది. 1963లో వచ్చిన “స్టింగ్ రే” రూపము దానికి శాశ్వత కీర్తిని తెచ్చినది. ఆ సంవత్సరపు కప్పుబండికి వెనుక అద్దము నడుమ ఒక వెన్నెముకవంటి పట్టీ ఉండి, అద్దమును రెండుగా చీల్చెడిది. వెనుకచూపునకు అడ్డమని ఇంజనీరు జోరా ఆర్కస్ డంటోవ్ దానిని వ్యతిరేకించెను. రూపశిల్పులకు పెద్దయైన బిల్ మిచెల్ అది ఉండితీరవలెననెను. మరుసటి ఏటనే ఆ పట్టీ తొలగింపబడినది. అందుచే ఆ ఒక్క ఏడు తయారైన 10,594 కప్పుబండ్లే నేడు అపురూపములైనవి. ఆనాడు లోపమనిపించినదే నేడు విలువకు కారణమైనది.

1964లో పాంటియాక్ శాఖవారు జి.టి.ఓ. అను బండిని విడుదల చేసిరి. మాతృసంస్థయైన జనరల్ మోటార్స్ 1963లో తన శాఖలకు పందెములను నిషేధించెను. మధ్యరకపు కార్లలో పెద్ద ఇంజనులు పెట్టరాదనియు ఆంక్ష యుండెను. జాన్ డిలోరియన్ మొదలగు ఇంజనీర్లు ఆ ఆంక్షను నేర్పుగా దాటిరి. క్రొత్త కారు తయారుచేయుటకు గదా అనుమతి కావలసినది? పాత టెంపెస్టు కారునకే “కోరినవారికి అదనపు సామగ్రి” అను పేరుతో 6.4 లీటర్ల ఇంజనును అమర్చి యిచ్చిరి. అయిదువేల బండ్లు పోవునని తలచినచోట తొలి ఏటనే 32,450 పోయినవి. మధ్యరకపు బండిలో బ్రహ్మాండమైన ఇంజను అను సూత్రము అక్కడ స్థిరపడినది. ఇట్టి బండ్లకే తరువాతి కాలమున “కండల కార్లు” అను పేరు కలిగినది.

అదే 1964 ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు సంస్థ మస్టాంగును ఆవిష్కరించినది. మస్టాంగనగా అమెరికా మైదానములలో స్వేచ్ఛగా తిరుగు అడవి గుర్రము. స్పెయినువారు తెచ్చిన గుర్రములు కట్లు త్రెంచుకొని కానల పాలై, వాని సంతతి ఈ పేరు పొందినది. బండి ప్రారంభపు వెల 2,368 డాలర్లు. తొలినాడే 22,000 మంది కొనుటకు ముందుకు వచ్చిరి. రెండేండ్లు తిరుగకముందే పది లక్షల బండ్లు తయారైనవి. లీ అయకోకా నాయకత్వమున జరిగిన ఈ ప్రయత్నములోని కీలకము పొదుపు: లోపలి యంత్రభాగములలో అధికము అంతకుముందే తయారగుచున్న ఫాల్కన్ అను చవుక కారువే. పాత దేహమునకు క్రొత్త చొక్కా తొడిగిరన్నమాట.

ఇక కరోల్ షెల్బీ కథ రైతు కుటుంబములవారికి మనసుకు తగులునది. టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన ఇతడు కోళ్లను పెంచి బ్రతుకదలచెను. తొలి విడతలో లాభము వచ్చినది. రెండవ విడత కోళ్లకు తెగులు తగిలి సర్వము పోయినది. దివాలా తీసిన ఆ కోళ్లరైతు పందెపు కార్లు నడుపుటకు దిగి, పొలమున తొడుగు చారల దుస్తులతోనే పందెములకు వచ్చి పేరు పొందెను. 1959లో ఫ్రాన్సు దేశమందలి లెమాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమున గెలిచినవారిలో ఒకడయ్యెను. గుండెజబ్బు ముదిరి నడుపుట మానుకొనవలసి రాగా, నిర్మాతగా మారెను. ఇంగ్లండులోని ఏ.సి. కంపెనీవారి తేలికైన బండిలో ఫోర్డువారి ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఇమిడ్చి 1962లో కోబ్రాను సృష్టించెను. దానినుండి పుట్టిన డేటోనా కూపేలు ఆరే ఆరు. అవి 1965లో ప్రపంచ జి.టి. విజేతృత్వమును అమెరికాకు తెచ్చినవి.

పోటీ ముదిరినకొలది ఇంజనులు పెరిగినవి. 4.7 లీటర్లు, 5.4, 6.4, చివరకు 7 లీటర్లు. 1967లో కార్వెట్టునకు ఎల్-88 అను ఇంజనును ఇచ్చునప్పుడు కంపెనీవారు దాని శక్తి 430 అని ప్రకటించిరి. నిజమునకది 500కు పైబడియే యుండెను. పందెగాండ్రు తప్ప సామాన్యులు దానిని కొనకుండుటకై సంఖ్యను తగ్గించి చెప్పి, రేడియో, వెచ్చదనపు పరికరము కూడ ఇయ్యమనిరి. అట్టివి 1967లో తయారైనవి 20 మాత్రమే. వానిలో ఒకటి 2014లో అరిజోనాయందలి స్కాట్స్‌డేల్ వేలమున 38,50,000 డాలర్లు పలికినది.

పందెమునకు కళ్లెము

గుర్రమునకు వేగమున్నను కళ్లెము లేనిచో రౌతు బ్రతుకడు. 1966లో అమెరికా దారులపై ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఏబదివేలకు పైబడిరి. అంతకు ముందు ఏడు, 1965లో, రాల్ఫ్ నేడర్ అను యువ న్యాయవాది కార్ల తయారీలోనే ప్రమాదము దాగియున్నదని ఒక గ్రంథము వ్రాసి దేశమును కలవరపెట్టెను. 1966లో వాహన భద్రతా శాసనము వచ్చినది. భీమా కంపెనీలు పడుచువారి వేగపు బండ్లపై రుసుము పెంచినవి. 1970లో గాలిని కలుషితము కానీయరాదను శాసనము బలపడగా ఇంజనుల శక్తి తగ్గింపబడినది. చివరి దెబ్బ 1973 అక్టోబరులో తగిలినది. అరబ్బు దేశములు అమెరికాకు చమురు పంపుట నిలిపివేసినవి. పెట్రోలు బంకులయొద్ద బారులు తీరిన జనులకు ఏడు లీటర్ల ఇంజను శత్రువువలె కనిపించినది.

ఇచట గమనింపదగినది ఒకటి కలదు. పందెములో నున్న కంపెనీలలో ఏదియు తనంతట తాను ఆగలేదు. ఎదుటివాడు పెంచినంతకాలము తానును పెంచవలసినదే. ఆగుటకు చట్టము కావలసివచ్చినది, చమురు కరవు కావలసివచ్చినది.

పాతసామాను కొట్టునుండి వేలముపాటకు

1973 తరువాత ఈ బండ్ల వెలలు పడిపోయినవి. వేలకొలది ముక్కలు చేయబడినవి. మిగిలినవానిని కాపాడినది ఎవరు? ధనవంతులు కారు. మొదట కాపాడినవారు సామాన్యులే.

దీనికి ఒక మస్టాంగు చరిత్ర నిదర్శనము. 1968లో విడుదలైన “బుల్లిట్” చలనచిత్రమున స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఎత్తుపల్లములపై నడిపిన ముదురాకుపచ్చ బండి అది. 1974లో న్యూజెర్సీకి చెందిన ఒక కుటుంబము పత్రికలో ప్రకటన చూచి సుమారు 6,000 డాలర్లకు దానిని కొన్నది. ఆ ఇంటి ఇల్లాలు బడిపంతులమ్మ. ప్రతిదినము ఆ బండిలోనే పాఠశాలకు పోవుచుండెడిది. 1977లో మెక్వీన్ స్వయముగా లేఖ వ్రాసి తిరిగి అమ్ముమని కోరినను వారు అంగీకరింపలేదు. 1980 ప్రాంతమున యంత్రభాగము చెడగా బండి కొట్టములో చేరినది. నలుబది ఏండ్ల పిమ్మట, 2020 జనవరిలో, ఫ్లోరిడా వేలమున అది రుసుములతో కూడ 37,40,000 డాలర్లకు అమ్ముడుపోయినది. దానికి మెరుగులు దిద్దలేదు. రంగు వెలిసిన తలుపులు, చిరిగిన ఆసనములు అట్లే యున్నవి. ఆ గీతలన్నియు ఆ ఇంటివారి దినచర్య వ్రాసిన అక్షరములు.

సేకరించువారు రెండు విషయములు చూతురు. మొదటిది సంఖ్యల పొత్తు: చట్రముపై, ఇంజనుపై, గేరుపెట్టెపై కర్మాగారములో కొట్టిన అంకెలు ఒకే పుట్టుకను తెలుపవలెను. రెండవది కాగితము: కొన్ననాటి రసీదు, తయారీ పత్రము, మరమ్మతుల పద్దులు. ఇంజను మార్చిన బండి ఎంత వేగముగా పోయినను దాని వెల సగమునకు దిగవచ్చును. సామాన్యపు మస్టాంగుకు గొప్ప బండి వేషము వేయువారును, అంకెలను చెరిపి క్రొత్తవి కొట్టువారును లేకపోలేదు. కావుననే తాళపత్ర పరిశోధకులవలె ఈ రంగమునను లిపి, సిరా, లోహము పరీక్షించు నిపుణులు బయలుదేరిరి.

ఎండ కాచిన ఇనుము

ఇనుము తుప్పు పట్టుటకు రెండు కావలెను: ప్రాణవాయువు, నీరు. ఉప్పు తోడైనచో పని వేగిరపడును. అమెరికా ఉత్తర రాష్ట్రములలో చలికాలమున మంచు కరుగుటకై దారులపై ఉప్పు చల్లుదురు. అచటి బండి అడుగుభాగము పదిపదునైదేండ్లలో జల్లెడయగును. అరిజోనా, దక్షిణ కాలిఫోర్నియా వంటి ఎండునేలల బండ్లు మాత్రము గట్టిగా నిలిచినవి. ఫీనిక్సు నగర ప్రాంతమున ఏటి వర్షము సుమారు 200 మిల్లీమీటర్లు. అందుచే “ఎడారి బండి” అనుమాట అమ్మకములో ఒక యోగ్యతాపత్రమైనది. వర్షము లేకపోవుట అచట ఇనుమునకు వరమైనది. ఐతే ఆ ఎండయే రబ్బరును పగులగొట్టును, తోలును బిగదీయును, రంగును పాలిపోజేయును. ఏ నేలయు అన్నిటికి మేలు చేయదు.

అనంతపురపు సగటు వర్షపాతము ఏటికి సుమారు 552 మిల్లీమీటర్లు. దేశమున జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన కురియు జిల్లాగా దానికి పేరు. నైరుతి మేఘములు పడమటి కనుమలకు తగిలి అచటనే కురిసి, ఈ మెట్టకు వట్టి గాలులుగా చేరును. ఈశాన్య మేఘములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. రెండు ఋతుపవనములకును ఇది చివరి ఊరు. ఇనుము బాగుగా నిలుచును, వేరుసెనగ నిలువదు.

మన దేశమున

అమెరికాలో ఆ పందెము జరుగుచున్న రోజులలో భారతదేశపు దారులపై అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారగు స్టాండర్డ్ హెరాల్డు అను మూడు రకములే ముఖ్యముగా తిరిగినవి. బొంబాయిలో కార్లు కూర్చిన జనరల్ మోటార్స్, ఫోర్డు సంస్థలు 1950-60 నడుమ ఈ దేశమును విడిచిపోయినవి. దిగుమతులపై కట్టుబాట్లు గట్టిగా నుండెను. రాయబారులు వదలిపోవు విదేశపు కార్లను ప్రభుత్వ వ్యాపార సంస్థ అమ్మకమునకు పెట్టగా సినిమా తారలు, సంపన్నులు పోటీపడి కొనెడివారు. షెవ్రొలే ఇంపాలా అట్లు ప్రసిద్ధికెక్కినది. మస్టాంగును ఫోర్డు సంస్థ ఈ దేశమున అధికారికముగా అమ్మనారంభించినది 2016లో, పుట్టిన 52 ఏండ్లకు.

పాతకార్లపై మక్కువ మాత్రము తెలుగుగడ్డకు క్రొత్త కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన పసుపువన్నె రోల్స్‌రాయిస్ హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని ఉన్నది. ఆయన 1911లో మరణించుటచే ఆ సింహాసనపు బండిలో ఊరేగు అదృష్టము కుమారునకు దక్కినది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబదియేండ్లు దాటి, మౌలికరూపము చెడని వాహనములకు ప్రత్యేక నమోదు ఏర్పరచినది. అంతకు ముందు 1950కి పూర్వపు బండ్లకే పరిమితమైయున్న దిగుమతి వెసులుబాటు 2025లో ఏబదియేండ్లు నిండిన వాహనములన్నింటికి విస్తరింపబడినది. అందుచే 1960-70 నాటి అమెరికా బండ్లకు ద్వారము తెరువబడినది. ఐనను సుంకములు మిక్కిలి హెచ్చు.

నేలలోనికి పందెము

ఇక మెట్టసీమ పందెము. ఒకప్పుడు అనంతపురమున బావినీరు కపిలతో తోడబడెడిది. రెండెద్దులు వాలుదారిలో దిగుచు తోలుబానను పైకి లాగును. ఎద్దులు అలసినపుడు తోడకము ఆగును. ఆ ఆగుటలో బావికి ఊట చేరెడిది. పిమ్మట ఆయిలింజను వచ్చినది, దాని వెనుక విద్యుత్తు మోటారు. ఇంజనునకు అలసట లేదు. దిగుడుబావులు ఎండిపోగా బోర్లు వేయుట ఆరంభమైనది.

ఇచట వాట్ కొలతను మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అయిదు అశ్వశక్తుల మోటారు సెకండునకు 380 కిలోల బరువును ఒక మీటరు లేపగలదు. నీరు నూరు మీటర్ల లోతున నున్నచో నష్టములు లెక్కింపనిచో సెకండునకు 3.8 లీటర్లు వచ్చును. నిజమునకు వచ్చునది అందులో ఇంచుమించు సగము. నీరు మూడువందల మీటర్లకు దిగినచో వచ్చునది మూడవ వంతే. అదే నీటిని పొందుటకు మోటారు మూడింతలు పెద్దది కావలెను. పొరుగువాడు పెద్ద మోటారు దింపినచో తన బోరులో నీరు తగ్గును, తానును లోతునకు పోవలెను. డెట్రాయిటు కంపెనీలను ఏ తర్కము తరిమినదో ఈ రైతును ఆ తర్కమే తరిమినది. తేడా ఒక్కటే: వారు లాభము కొరకు పరుగెత్తిరి, ఇతడు పైరు దక్కించుకొనుటకు పరుగెత్తుచున్నాడు. ఈ సీమ క్రింద నున్నది కఠినశిల. నీరుండునది దాని పగుళ్లలో మాత్రమే. కొన్ని గ్రామములలో బోర్లు వేయి అడుగులకు చేరినవి. పడని బోరు అప్పుగా మిగులును. ఆ అప్పులలో ఎన్ని కుటుంబములు కూలిపోయినవో ఈ సీమలోని ప్రతి పాఠశాల హాజరుపట్టీకి తెలియును. తల్లిదండ్రులు బెంగుళూరు వలసపోగా మధ్యలో ఆగిన పేర్లు అందులో ఉండును.

అమెరికా పందెమునకు చవుక పెట్రోలు ఊపిరియైనట్లు ఇచటి పందెమునకు చవుక విద్యుత్తు ఊపిరియైనది. 2004నుండి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు లభించుచున్నది. ఎండిన పైరును చూచు రైతునకది ఊరటయే. కాని మీటరు లేని చోట లోతునకు వెల కనిపించదు. అమెరికాలో 1966 శాసనము వచ్చినట్లే ఇచట 2002లో జల, భూమి, వృక్ష పరిరక్షణ శాసనము వచ్చినది. బోర్ల నడుమ దూరము, అనుమతి అను నియమములు అందులో ఉన్నవి. ఐతే దాహము శాసనమును చదువదు. చమురును ఆపిన దేశములవలె భూగర్భజలమును ముందుగా ఆపి హెచ్చరించువారు ఎవరును లేరు. అది అయిపోయిననాడే ఆగును.

ఈ చీకటిలో ఒక వెలుగు కలదు. 1973 తరువాత ఇంజనీర్లు ఇంజనును పెంచుట మాని, ఒక్కొక్క చుక్కనుండి ఎక్కువ పని రాబట్టుట నేర్చిరి. 2003లో ఆరంభమైన సూక్ష్మసేద్య పథకము పిమ్మట అనంతపురపు చీనితోటలలో బిందుసేద్యపు నల్లగొట్టములు పరచుకొన్నవి. చెట్టు మొదట చుక్క చుక్కగా నీరందించు ఆ గొట్టము, పెద్ద మోటారు సాధింపలేని దానిని సాధించుచున్నది.

ఎర్రమంచి

2017 ఏప్రిల్‌లో కొరియా దేశపు కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొన్నది. విజయనగర ప్రభువులు 1565 నాటి పరాజయము పిమ్మట తలదాచుకొన్న పెనుకొండకు చేరువనే, ఎర్రమంచియొద్ద, 536 ఎకరములలో కర్మాగారము లేచినది. పెట్టుబడి సుమారు 110 కోట్ల డాలర్లు, సామర్థ్యము ఏటికి 3 లక్షల కార్లు. 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ బయటికి వచ్చినది. 2023 జులైలో తయారైన బండ్ల సంఖ్య పది లక్షలు దాటినది. 2022 జిల్లాల విభజనతో ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

తొలి సెల్టోసులలో 1.4 లీటర్ల ఇంజను సుమారు 140 అశ్వశక్తుల నిచ్చినది. అనగా లీటరునకు నూరు. 1964 నాటి జి.టి.ఓ. 6.4 లీటర్లతో, ఉదారమైన ఆనాటి కొలతలో, 325 ఇచ్చినది. అనగా లీటరునకు 51. ఆరు దశాబ్దముల విజ్ఞానము ఈ రెండు సంఖ్యల నడుమ ఇమిడియున్నది. 1946లో నెలకొన్న అనంతపురపు ఇంజనీరింగు కళాశాల విద్యార్థికి ఇంతకన్న దగ్గరి పాఠము వేరొకటి లేదు.

ఐనను కర్మాగారమునకును నీరే ప్రాణము. శ్రీశైలము వెనుక జలమును హంద్రీ-నీవా కాలువ మెట్టమీదికి ఎత్తిపోయును. గొల్లపల్లి జలాశయము ఆ నీటితో నిండును. అరిజోనాయును ఇట్లే బ్రతుకుచున్నది. 336 మైళ్ల కాలువ కొలరాడో నదీజలమును కొండలెక్కించి ఫీనిక్సు, టూసాన్ నగరములకు చేర్చును. 38,50,000 డాలర్లకు కారు అమ్ముడైన వేలముశాల ఎత్తిపోసిన నీటిపై నిలిచినదే. నది వేరుచోట పుట్టి, మోటారు శక్తితో కొండలెక్కి వచ్చినపుడు, ఆ నీటిలో పొలమునకెంత, ఊరికెంత, యంత్రమునకెంత అను ప్రశ్న రెండు చోట్లను సమానమే.

వ్రాసి యుంచవలసినది

2014లో అమెరికావారు జాతీయ చారిత్రక వాహన పట్టికను ఆరంభించి అందులో మొదటగా చేర్చినది షెల్బీ డేటోనా కూపేను. దాని కొలతలు, చిత్రములు, చరిత్ర ఆ దేశపు పార్లమెంటు గ్రంథాలయమున భద్రపరుపబడినవి. “బుల్లిట్” మస్టాంగు కూడ ఆ పట్టికలో చేరినది. వానిని ధనము మాత్రమే బ్రతికింపలేదు. రసీదు దాచిన ఇల్లాలు, పద్దు వ్రాసిన మరమ్మతుదారు, అంకెలు చెరుపని యజమాని బ్రతికించిరి.

అనంతపురపు కపిలకు అట్టి పట్టిక లేదు. ఎద్దులు నడచిన వాలు పొడవెంత, తోలుబాన ఎన్ని కుండలు పట్టెడిది, జాముసేపు తోడిన నీరు ఎంత మడిని తడిపెడిది, తొలి ఆయిలింజను ఊరికి ఏ ఏట వచ్చినది, తొలి బోరు ఎన్ని అడుగులలో పడినది, నేటి బోరు ఎన్ని అడుగులలో పడక పోయినది. ఇవన్నియు ఇంకను కొందరి వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే యున్నవి. ఒక పాఠశాల విద్యార్థులు తమ గ్రామపు బావుల లోతులను సంవత్సరములవారీగా ఒక్క నోటుపుస్తకమున వ్రాసినచో, ఆ పుటలపై నీటిమట్టము దిగిన దారి ఒక గీతగా కనిపించును. వేలమున దానికి వెల రాదు. కాని రేపు ఎక్కడ బోరు వేయరాదో, ఎక్కడ చెరువు పూడిక తీయవలెనో నిర్ణయించువారు మొదట అడుగునది ఆ పుస్తకమునే.